మిద్దె మీది పాత డిష్ మళ్లీ తిరగాలంటే ఏ కంట్రోలర్ కొనాలి?

హైదరాబాద్ పాతబస్తీ మిద్దెల మీద, గల్ఫ్ సంపాదనతో కట్టిన ఇళ్ల మీద ఇప్పటికీ అక్కడక్కడా ఎనిమిది, పది అడుగుల జాలీ డిష్‌లు కనిపిస్తాయి. 1991లో ఏషియాశాట్ 1 ఉపగ్రహం నుంచి స్టార్ టీవీ మొదలయ్యాక ఊరూరా లేచిన డిష్‌ల తరం అది. వాటిలో కొన్నిటి వెనుక పొడవాటి గొట్టం, దాని చివర మోటారు ఉంటాయి. దాన్నే యాక్చుయేటర్ అంటారు. గొట్టంలోంచి కడ్డీ బయటికి వస్తే డిష్ ఒక వైపు తిరుగుతుంది, లోపలికి పోతే ఇంకో వైపు. తూర్పున 105.5 డిగ్రీల దగ్గరున్న ఏషియాశాట్ నుంచి పడమర 38 డిగ్రీల దగ్గరున్న పాక్‌శాట్ దాకా ఒక్క డిష్‌తోనే చూసేవారు. ఇంట్లో పెద్దవాళ్ల ఉర్దూ చానళ్లు, పిల్లల కార్టూన్లు, క్రికెట్ అన్నీ దాని మీదే.

ఇలాంటి ఇళ్లలో చాలాచోట్ల ఇప్పుడు సమస్య ఒకటే. డిష్ బాగానే ఉంది, యాక్చుయేటరూ బాగానే ఉండొచ్చు, టీవీ పక్కన ఉండే పొజిషనర్ డబ్బా మాత్రం చచ్చిపోయింది. కొందరు మొత్తం కబాడీవాడికి వేసేస్తారు. ఇంకొందరు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన మోటార్ డ్రైవర్ బోర్డు తెప్పించి తగిలిస్తారు. రెండో పనిలో నష్టం ఎక్కువ. బోర్డు కాలితే కొన్ని వందలు పోతాయి. మోటారు కాలితేనో, ఆగాల్సిన చోట ఆగక డిష్ స్తంభానికి గుద్దుకుని వంగితేనో, అలాంటి విడిభాగాలు మళ్లీ దొరకడం కష్టం.

కాబట్టి డబ్బా కొనే ముందు యాక్చుయేటర్ బతికుందో లేదో చూడాలి. దాని మోటారు మూత విప్పితే సాధారణంగా నాలుగు తీగలు కనిపిస్తాయి. లావు తీగలు రెండూ మోటారువి, పక్కన ఎం1, ఎం2 అని రాసి ఉంటుంది. సన్న తీగలు రెండూ సెన్సార్‌వి. ఈ మోటార్లలో ఎక్కువ భాగం 36 వోల్టుల డీసీవి. పరీక్షకు అంత అక్కర్లేదు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు ఇస్తే చాలు, మెల్లగానైనా తిరుగుతుంది. ప్లస్, మైనస్ మారిస్తే వెనక్కి తిరగాలి. బ్యాటరీ తీగలో 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా పెట్టాలి. ఇన్వర్టర్ బ్యాటరీ తీగలు ఒకదానికొకటి తగిలితే చేతులు కాలతాయి.

ఈ పరీక్షలోనే మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల గడిలో పెట్టి కరెంటు ఎంత లాగుతుందో రాసుకోవాలి. ఎక్కడ కొలుస్తున్నామన్నది ముఖ్యం. హైదరాబాద్ దాదాపు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అందుకని డిష్ సరిగ్గా దక్షిణం చూస్తున్నప్పుడు అన్నిటికంటే ఎత్తుగా, దాదాపు 70 డిగ్రీల కోణంలో ఆకాశాన్ని చూస్తుంది. పడమర పాక్‌శాట్ వైపు పోయేసరికి 40 డిగ్రీలకు వాలిపోతుంది. వాలేటప్పుడు డిష్ బరువే మోటారుకు సాయం చేస్తుంది. ఆ చివర నుంచి మళ్లీ పైకి లేపేటప్పుడే మోటారుకు అసలు పని. కొలత అక్కడ తీసుకోవాలి. అంతా సవ్యంగా ఉంటే సాధారణంగా 1 నుంచి 3 ఆంపియర్ల మధ్య వస్తుంది. అంతకు బాగా మించి లాగుతుంటే తప్పు డబ్బాది కాదు. గొట్టంలో గ్రీజు గట్టిపడిందనో, వాన నీళ్లు దిగి తుప్పు పట్టిందనో అర్థం. దాన్ని శుభ్రం చేయకుండా ఎంత పెద్ద కంట్రోలర్ పెట్టినా మోటారును కాల్చుకోవడమే.

ఇక సెన్సార్. కంట్రోలర్ ఎంపికలో జనం మర్చిపోయేది ఇదే. మోటారును తిప్పడం ఎవరికైనా వచ్చు, ఎంత తిరిగిందో లెక్కపెట్టడమే అసలు విద్య. లోపల గేరుతో పాటు చిన్న అయస్కాంతాల చక్రం తిరుగుతుంది. దాని పక్కన గాజు గొట్టంలాంటి రీడ్ స్విచ్ ఉంటుంది. అయస్కాంతం దగ్గరికి వచ్చినప్పుడల్లా అది మూసుకుని తెరుచుకుంటుంది. అలా ఒక్కోసారి ఒక పల్స్. కంట్రోలర్ ఆ పల్సులు లెక్కపెట్టే ‘ఈ ఉపగ్రహం ఇక్కడ’ అని గుర్తు పెట్టుకుంటుంది. సన్న తీగలు రెండే ఉంటే అది దాదాపు రీడ్ స్విచ్చే. మూడు ఉంటే హాల్ సెన్సార్ అయి ఉండొచ్చు, దానికి విడిగా చిన్న వోల్టేజీ ఇవ్వాలి. మరీ పాత వాటిలో మూడు తీగల పొటెన్షియోమీటర్ ఉండేది. అది పల్సులు ఇవ్వదు, రెసిస్టెన్స్ మారుస్తుంది. పల్సులు లెక్కపెట్టే డబ్బా దానికి పనికిరాదు. మల్టీమీటర్ బజర్ పెట్టి మోటారు తిప్పితే రీడ్ స్విచ్ అయితే బీప్, బీప్ అని ఆగి ఆగి మోగుతుంది.

ఇవన్నీ తేలాక చాలా ఇళ్లకు సరిపోయేది వీ-బాక్స్ అనే చిన్న పొజిషనర్. రిసీవర్ నుంచి వచ్చే కేబుల్‌లోనే డైసెక్ 1.2 ఆదేశాలు వస్తాయి. వీ-బాక్స్ వాటిని అందుకుని 36 వోల్టులతో మోటారును తిప్పుతుంది, పల్సులు తానే లెక్కపెడుతుంది. చానల్ మార్చితే డిష్ దానంతటదే కదులుతుంది, పెద్దవాళ్లు ఇంకో రిమోట్ నేర్చుకోనక్కర్లేదు. కొనేటప్పుడు రెండు చూడాలి. రిసీవర్ మెనూలో డైసెక్ 1.2 ఉందా? డబ్బా మీద రాసిన ఆంపియర్లు, పైన కొలిచిన కరెంటు కంటే ఎక్కువ ఉన్నాయా? మెనూలో యూసాల్స్ అనే మాట కూడా కనిపిస్తుంది. ఊరి అక్షాంశ, రేఖాంశాలు ఇస్తే డిష్‌ను అదే తిప్పేస్తుందని చెప్తారు. అది కోణాన్ని లెక్కగట్టి తిరిగే చిన్న డిష్‌ల మోటార్ల కోసం చేసింది. యాక్చుయేటర్‌లో కడ్డీ ఒక అంగుళం కదిలితే డిష్ ప్రతిచోటా ఒకే కోణం తిరగదు. అందుకే సాధారణ వీ-బాక్స్‌తో యూసాల్స్ నమ్ముకుంటే డిష్ ఎటో చూస్తుంటుంది. ఒక్కో ఉపగ్రహాన్ని చేత్తో వెతికి సేవ్ చేసుకోవడమే మేలు.

ఇంట్లో ఎలక్ట్రానిక్స్ చదివే కుర్రాడుంటే ఆర్డుయినోతో చేసేద్దామంటాడు. చేయొచ్చు, కానీ బోర్డు మీది అంకెలు జాగ్రత్తగా చదవాలి. అన్నిటికంటే ఎక్కువమంది కొనేది బీటీఎస్ 7960 చిప్పులున్న డ్రైవర్. ప్రకటనలో 43 ఆంపియర్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది చూసి మురిసిపోతారు. ఆ చిప్పు తట్టుకునేది 27.5 వోల్టుల వరకే. 36 వోల్టులు ఇస్తే పని చేయదు, చెడిపోనూవచ్చు. ఎర్రటి ఎల్ 298 బోర్డులో చిప్పు 46 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. కానీ ఒక్కో చానల్‌కు 2 ఆంపియర్లే, పైగా చాలా బోర్డుల మీద ఉండే కెపాసిటర్లు 35 వోల్టులవి. నీలం రంగు చిన్న రిలేల మీద కూడా చూడండి, 10 ఆంపియర్లు, 30 వోల్టుల డీసీ అని ఉంటుంది. ఏసీకి 250 వోల్టులు ఆడే రిలే, డీసీకి 36 దగ్గరే నిప్పురవ్వలు రాల్చుకుని అతుక్కుపోవచ్చు. అతుక్కుంటే మోటారు ఆగదు. అందుకే డ్రైవర్ అయినా రిలే అయినా కనీసం 48 వోల్టుల డీసీకి, కొలిచిన కరెంటుకు రెండింతలకు తగ్గనిది తీసుకోవాలి. ఒక వైపు నుంచి ఇంకో వైపు మార్చేటప్పుడు ఒక సెకను ఆగేలా ప్రోగ్రాం రాయాలి. మూడు సెకన్ల పాటు పల్సు రాకపోతే మోటారు ఆపేసే వరస కూడా అందులో ఉండాలి.

నెలకు ఒకటి రెండుసార్లే డిష్ తిప్పే ఇంటికి ఇంత హంగామా దేనికి? 36 వోల్టుల పవర్ సప్లయ్, మధ్యలో ఆఫ్ ఉండి చెయ్యి తీస్తే తనే వెనక్కి వచ్చే రెండు వైపుల స్విచ్ సరిపోతాయి. అది డీసీకి తగిన స్విచ్ అయి ఉండాలి. సిగ్నల్ గీత చూస్తూ నొక్కడం, రాగానే వదిలేయడం, అంతే. పాత 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా పారేయొద్దు. బ్రిడ్జి, కెపాసిటర్ పెడితే లోడు లేనప్పుడు 33 వోల్టులకు దగ్గరగా వస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి విడిభాగాలు వెతికితే దొరుకుతాయి.

తీగ విషయంలో పిసినారితనం పనికిరాదు. టీవీ గది నుంచి డిష్ దాకా 30 మీటర్లు అనుకుంటే, పోవడం రావడం కలిపి 60 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటర్ రాగి తీగలో 3 ఆంపియర్లకు సుమారు 3 వోల్టులు పోతాయి, ఫరవాలేదు. అదే సన్నటి బెల్ వైరు వేస్తే 15 వోల్టులు దారిలోనే పోయి మోటారు మూలుగుతుంది. సెన్సార్ తీగలు మోటారు తీగలతో మెలిపెట్టకుండా, జాలీ చుట్టిన తీగలో విడిగా తేవాలి. లేకపోతే మోటారు రొద కూడా పల్సుగా లెక్కలోకి పోయి, వారానికోసారి ఉపగ్రహాలన్నీ పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది. 230 వోల్టుల తీగను మాత్రం మిద్దె మీదికి తీసుకెళ్లకూడదు. పవర్ సప్లయ్ గదిలోనే ఉండాలి, పైకి 36 వోల్టులే వెళ్లాలి.

అన్నీ కలిపాక మొదటిసారి తిప్పేటప్పుడు ఒకరు డిష్ దగ్గర నిలబడాలి, పిల్లలు దూరంగా ఉండాలి. యాక్చుయేటర్ లోపల రెండు లిమిట్ స్విచ్‌లుంటాయి. డిష్ అంచు స్తంభానికి తగలకముందే అవి తెగేలా ముందు వాటిని సర్దాలి, ఆ తర్వాతే కంట్రోలర్‌లో తూర్పు, పడమర హద్దులు పెట్టాలి. వానాకాలంలో ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీయడంతో పాటు డిష్ నుంచి వచ్చే కేబుల్‌ను, మోటారు తీగలను కూడా డబ్బా నుంచి పీకి పక్కన పెట్టాలి.