చార్‌బాగ్ కొలతకు లేజర్ ఎందుకు?

ఢిల్లీలోని హుమాయూన్ సమాధి తోటను ఆగాఖాన్ ట్రస్ట్ 2003లో పునరుద్ధరించింది. అక్కడ నీటి కాలువల వాలు 40 మీటర్లకు 1 సెంటీమీటరే. కాస్త తేడా వచ్చినా నీళ్లు ఆగిపోతాయి. కంటికి ఆనని ఇలాంటి వాలును పట్టుకునేదే లేజర్ స్కానర్.

స్టాండ్ మీది యంత్రం చుట్టూ తిరుగుతూ కిరణాలు వదులుతుంది. అవి తగిలి తిరిగొచ్చే తీరును బట్టి దూరం లెక్కకడుతుంది. ఆ లక్షల చుక్కలన్నీ కలిస్తే కంప్యూటర్‌లో తోట నమూనా తయార్. అయితే మట్టిలో పూడిపోయిన కాలువ లేజర్‌కు కనబడదు, తవ్వి చూడాల్సిందే.

హైదరాబాద్ కుతుబ్ షాహీ సమాధుల దగ్గరా ఈ స్కానింగ్ వాడారు. 2013 వానలకు అక్కడి బడీ బావ్లీ గోడ కూలింది. కూలకముందే కొలతలు తీసి పెట్టుకుంటే, మళ్లీ కట్టేటప్పుడు అందాజా లెక్కలతో పనుండదు.