వాక్యం మధ్యలో తెరుచుకునే నిఘంటువు

మొయినాబాద్, చేవెళ్ల వైపు పాలీహౌసుల్లో పూలు, చేలల్లో కూరగాయలు పండించే రైతుల కోసం ఇంగ్లీషు కరపత్రాలను తెలుగు చేస్తుంటాను. మొదట్లో ఒకసారి టమాటా నారు గురించి రాస్తూ ‘డ్యాంపింగ్ ఆఫ్’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. లావుపాటి నిఘంటువు దించి ‘డ్యాంప్’ దగ్గర చూస్తే చెమ్మ, తేమ అని ఉంది. అదే రాసి ఉంటే రైతు తన మడిలో మొదలు మెత్తబడి ఒరిగిపోతున్న మొలకలకూ నా కాగితానికీ సంబంధం ఉందనుకునేవాడు కాదు. ఆయన దాన్ని నారుకుళ్లు అంటాడు. ఆ మాట తెలుసుకుని తిరిగొచ్చేసరికి, సగంలో వదిలిన వాక్యాన్ని ఎలా ముగించాలనుకున్నానో మరిచిపోయాను.

ఇప్పుడు అలా లేవనక్కర్లేదు. రెండు మీటలు కలిపి నొక్కితే తెర మధ్యలో సన్నని పెట్టె తెరుచుకుంటుంది. గుర్తుగా పెట్టుకున్న ఒక అక్షరం, ఖాళీ, ఆపైన కావలసిన మాట కొడితే కిందనే అర్థాలు వస్తాయి. ఎంటర్ నొక్కగానే మాట కాపీ అవుతుంది, పెట్టె మూసుకుంటుంది. చెయ్యి మౌసు వైపు పోదు, కన్ను వాక్యాన్ని వదలదు.

ఆ పెట్టె పేరు లాంచర్. మెనూల్లో వెతక్కుండా రెండు మూడు అక్షరాలు కొట్టి ప్రోగ్రాములు తెరవడానికి పుట్టింది. నెక్స్ట్‌స్టెప్ నిర్వహణ వ్యవస్థ మీద లాంచ్‌బార్, 2003లో నికొలస్ జిట్‌కాఫ్ మ్యాక్ కోసం రాసిన క్విక్‌సిల్వర్, 2010లో ఆల్ఫ్రెడ్ వచ్చాయి. లినక్స్‌లో యూలాంచర్, ఆల్బర్ట్ ఉన్నాయి. వీటి అసలు బలం ప్లగిన్లలో, అంటే విడిగా జతచేసుకునే చిన్న ప్రోగ్రాముల్లో ఉంది. లాంచర్‌కు నిఘంటువు అంటే ఏమిటో తెలియదు. మొదటి గుర్తును చూసి మిగతా మాటను ప్లగిన్‌కు అప్పగిస్తుంది, అది తెచ్చిచ్చిన జవాబును చూపిస్తుంది, అంతే.

జవాబు ఎంత వేగంగా రావాలి? 1968లో ఐబీఎం పరిశోధకుడు రాబర్ట్ మిల్లర్ దీని మీద రాశాడు. సెకనులో పదోవంతు లోపల స్పందిస్తే మనిషికి అది తన చేతి కదలికలో భాగంగానే తోస్తుంది. అంత వేగంగా వెతకడం కంప్యూటర్‌కు కష్టం కాదు. అకారాది వరుసలో ఉన్న 65,536 పదాల్లో ఒకదాన్ని పట్టుకోవడానికి, ప్రతిసారీ సగం వదిలేస్తూ పోతే 16 పోలికలు చాలు. 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ ‘ట్రై’ అని పేరు పెట్టిన పద్ధతి మరోలా నడుస్తుంది. పదాలను చెట్టు కొమ్మల్లా పరిచి, కొట్టిన ప్రతి అక్షరానికీ ఒక కొమ్మ లోపలికి వెళుతుంది. మాట పూర్తికాకముందే సూచనలు రావడానికి ఇది చక్కగా సరిపోతుంది.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి పని కష్టమవుతుంది. ‘చేవెళ్ల’ మనకు మూడక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం చ, ఏత్వం, వ, ఎత్వం, ళ, పొల్లు, ల అని ఏడు గుర్తులు. అదే ఊరిని ‘చేవెళ్ళ’ అని రాసేవాళ్లూ ఉన్నారు. మనకు రెండూ ఒకటే, యంత్రానికి వేరు. అందుకని వెతికే ముందు రెండింటినీ ఒకే రూపానికి మార్చాలి.

అంతకంటే పెద్ద చిక్కు ‘నారుమళ్లలో’ లాంటి మాట. నిఘంటువులో ఉండేది నారుమడి. ముందు ‘లో’ తీసెయ్యాలి, మిగిలిన బహువచనాన్ని విప్పి మళ్లు అంటే మడి అని పోల్చుకోవాలి. వెనక్కి తిరగడం అనే అర్థంలోనూ మళ్లు అన్న క్రియ ఉంది, అక్కడ మోసపోకూడదు. పద్యం అన్వయించే పండితుడి పని ఇది. మాకు దగ్గరలోని హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్య గారపాటి ఉమామహేశ్వరరావు వంటి భాషావేత్తలు ఏళ్ల తరబడి తెలుగు పదరూపాలను కంప్యూటర్ విడదీసే పద్ధతుల మీద శ్రమించారు. చిన్న ప్లగిన్లు చాలావరకు ఈ పని చెయ్యవు. విభక్తితో ఉన్న మాట ఇస్తే ఖాళీ చూపిస్తాయి, అప్పుడు మనమే తోక కత్తిరించి మళ్లీ అడగాలి.

కొన్ని ప్లగిన్లు మాటను ఇంటర్నెట్ అనువాద సేవకు పంపుతాయి. గూగుల్ అనువాదంలో 2011 జూన్‌లో తెలుగు చేరింది. వాక్యం మొత్తం తాత్పర్యం కావాలంటే అదే నయం. ఒక్క మాటకు మాత్రం నా కంప్యూటర్‌లోనే ఉన్న ఫైలును నమ్ముతాను. నెట్ పోయినా పనిచేస్తుంది, ఒక్క అర్థం చెప్పి ఊరుకోదు.

ఆ అర్థాలను మాత్రం ఏ ప్లగినూ పుట్టించలేదు. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో వచ్చింది. 1903 నాటి సవరణలో కందుకూరి వీరేశలింగం చెయ్యి ఉంది. ఆ కూర్పునూ, 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువునూ షికాగో విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో పెట్టింది. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఎన్నో నిఘంటువులను ఒకేచోట వెతుక్కునేలా చేశారు. నాకు అందరికంటే ఎక్కువ గౌరవం భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి మీద. 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం కోసం, నాగలిలో ప్రతి భాగాన్నీ ఏ ప్రాంతంలో ఏమంటారో రైతుల నోటి నుంచే సేకరింపజేశారు. పుస్తకాల్లో లేని మాట పొలంలో ఉంటుందని ఆయనకు తెలుసు.

నా ఫైలులో ఒక్కో వరుసకు ఇంగ్లీషు మాట, తెలుగు మాట, అది ఎక్కడ విన్నానో ఊరి పేరు రాసుకుంటాను. మైట్ – నల్లి. త్రిప్స్ – తామర పురుగు. పౌడరీ మిల్‌డ్యూ – బూడిద తెగులు. ‘డ్యాంపింగ్ ఆఫ్’ను రెండు ముక్కలు చెయ్యకుండా ఒకే మాటగా చేర్చాను. నిన్న ఒక గులాబీ తోటలో ఆకు తిప్పి చూపిస్తూ ఒక పెద్దాయన నేనెప్పుడూ వినని పేరొకటి చెప్పాడు. అది ఏ పురుగో తేల్చుకోవడానికి రేపు భూతద్దం పట్టుకుని మళ్లీ వెళుతున్నాను. ఫైలులో ఆ వరుసకు ఊరి పేరు రాసి, ఇంగ్లీషు గడి ఖాళీగా ఉంచాను.