చిట్టిదోమ – పరదేశపు గుర్రం

వానలు వెనుకపట్టి, చెరువులు నిండి, పొలం గట్ల వెంట బురద ఆరని రోజులు గొర్రెల కాపరులకు బెంగ పుట్టించే రోజులు. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో చేరిన తిరుమలగిరి ప్రాంతంలో ఎన్నో గొల్ల, కురుమ కుటుంబాలకు మందలే జీవనాధారం. ఆ కాలంలో మందలోని కొన్ని జీవాలకు జ్వరం వస్తుంది. మూతి వాస్తుంది, ముక్కు కారుతుంది, గిట్టల మొదళ్లు ఎర్రబడి నడక కుంటుపడుతుంది. నాలుక నీలిరంగుకు తిరగడం కొన్నింటిలోనే కనిపించినా ఆ లక్షణమే జబ్బుకు పేరైనది. నీలినాలుక వ్యాధి అనీ, మూతివాపు వ్యాధి అనీ దీనిని పిలుస్తారు. దీనికి మూలం ఒక వైరస్. దానిని ఒక జీవం నుండి మరొక జీవానికి చేరవేసేది క్యూలికాయిడిస్ అనే చిట్టిదోమ.

ఈ కీటకం పొడవు ఒకటి నుండి మూడు మిల్లీమీటర్లు మాత్రమే. సాధారణమైన దోమతెర కన్నుల గుండా ఇది సులభంగా దూరిపోగలదు. తడినేల, పేడ, చెరువు అంచున మురిగిన ఆకులు దీని పుట్టిళ్లు. సంధ్యవేళలలో దీని సంచారం ఎక్కువ. రక్తం తాగేది ఆడదోమ మాత్రమే. రెక్కలలో బలం లేనందువలన కొద్దిపాటి గాలి వీచినా ఇది ఎగరలేదు. ఇంతటి అల్పప్రాణి మందలను నేలకూల్చడం వింతయే. అంతకన్న వింత, వైరస్ ఏదీ మోయకుండానే, కేవలం తన లాలాజలంతో గుర్రాన్ని ఏళ్ల తరబడి బాధించగలగడం.

ఆంగ్లంలో 'స్వీట్ ఇచ్' అని పిలిచే ఆ జబ్బులో గుర్రానికి విపరీతమైన దురద పుడుతుంది. జూలు, తోక మొదలు చెట్లకూ గోడలకూ రాచుకొని వెంట్రుకలు రాలిపోతాయి. చర్మం మందమై, ముడుతలు పడి, రక్తం చిమ్ముతుంది. మేత మీద మనసు నిలవదు. రౌతును మోయవలసిన వేళ గుర్రం నిలకడగా నిలువలేదు. చలికాలంలో దోమలు తగ్గగానే పుండ్లు మానుతాయి, మరుసటి వేసవికి మళ్లీ మొదలవుతాయి. నిజానికి ఇది అంటువ్యాధి కాదు, అలర్జీ. దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంలోని మాంసకృత్తులు చర్మంలో చేరుతాయి. కొన్ని గుర్రాల శరీరం వాటిని మహాశత్రువులుగా భావించి ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. తరువాత కుట్టిన ప్రతిసారీ హిస్టమిన్ వంటి పదార్థాలు వెలువడి దురదను రగిలిస్తాయి. గుర్రాన్ని హింసించేది దోమకన్న దాని సొంత రక్షణవ్యవస్థయే అనవచ్చును.

ఈ సంగతిని లోకానికి స్పష్టంగా చూపినవి ఐస్‌లాండ్ గుర్రాలు. ఆ దీవికి తొమ్మిదవ శతాబ్దం నుండి వలస వచ్చినవారు తెచ్చిన గుర్రాల సంతతి వెయ్యేళ్లకు పైగా అక్కడే పెరిగినది. గుర్రాలను బాధించే చిట్టిదోమలు అక్కడ లేవు. ఈ వర్గపు దోమ ఒకటి 2015లో అక్కడ కనిపించి మనుషులను కుట్టింది గాని, అది వేరు సంగతి. ఐరోపా ప్రధాన భూభాగానికి అమ్ముడుపోయిన గుర్రాలలో, దోమలు దట్టంగా ఉన్న చోట్ల రెండేళ్లు గడిపినవాటిలో సగానికి మించి ఈ దురద బారిన పడినట్లు పరిశీలనలు తెలిపాయి. అదే జాతికి చెంది, దోమలున్న దేశంలోనే పుట్టిన పిల్లలలో ఈ జబ్బు చాలా తక్కువ. రక్తం ఒకటే, వంశం ఒకటే. తేడా అంతా బాల్యంలోనే ఉన్నది. పసితనంలో దోమకాటు చవిచూసిన శరీరం దానితో సర్దుకొంటుంది, పెరిగిన తరువాత ఎదురైన శరీరం బెదరిపోతుంది. దీనికి తోడు, ఒకసారి దేశం దాటిన గుర్రాన్ని ఐస్‌లాండ్ చట్టం మళ్లీ లోపలికి రానివ్వదు. జబ్బుపడిన గుర్రానికి పుట్టింటి దారి మూసుకొనిపోయినట్లే.

పరదేశపు గుర్రం కడగండ్లు దక్షిణ భారతానికి కొత్తవి కావు. పదమూడవ శతాబ్దం చివర కోరమండల్ తీరాన్ని చూసిన మార్కోపోలో, అక్కడి పాలకులు ఏటా వేల గుర్రాలను సముద్రం మీద తెప్పించుకొనేవారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరైనా మిగిలేవి కావనీ వ్రాశాడు. పోషణ తెలిసినవారు లేకపోవడమే కారణమని అతని అభిప్రాయం. వండిన అన్నం, మాంసం మేపేవారట! విజయనగర రాజులు హొర్ముజ్ గుర్రాల కోసం అపార ధనం వెచ్చించారు. దారిలో చనిపోయిన గుర్రానికి తోక చూపినా సాళువ నరసింహరాయలు వెల చెల్లించేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రచన తెలుపుతున్నది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో, గుర్రాలను తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించి నిలుపుకోవాలని ప్రత్యేకంగా చెప్పాడు. అయితే ఆ గుర్రాల మరణాలకు ఈ దురదయే కారణమని అనడానికి వీలు లేదు. స్వీట్ ఇచ్ సాధారణంగా ప్రాణం తీసే జబ్బు కాదు. రాజులు గుర్రాన్ని కొన్నారు గాని, దాని వాతావరణాన్నీ మేతనూ కొనితేలేకపోయారు. ఇంతమాత్రం చెప్పవచ్చును.

నేడు పశువైద్యులు చెప్పే ఉపాయాలు సరళమైనవే. తెల్లవారుజామునా సంధ్యవేళా గుర్రాన్ని లాయంలో ఉంచడం, లోపల పంకా తిప్పడం, కన్నులు మరీ సన్నగా ఉన్న తెరలు కట్టడం, ఒళ్లంతా పలుచని గుడ్డ తొడుగుతో కప్పడం, చుట్టుపక్కల పేడ, బురద లేకుండా చూడడం. గాలి ఆడే మిట్ట నేల మీద మేపడం మరీ మంచిది. దోమ బలహీనత అక్కడ గుర్రానికి రక్ష అవుతుంది. స్టెరాయిడ్ మందులు దురదను తగ్గించినా ఎక్కువకాలం వాడితే కీడు చేస్తాయి.

దోమ లాలాజలంలోని మాంసకృత్తులను ప్రయోగశాలలో తయారు చేసి, దేశం దాటకముందే గుర్రానికి టీకాగా ఇచ్చే ప్రయత్నాన్ని ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు కలిసి చేపట్టారు. అలా టీకా పొందిన గుర్రాలను 2020లో స్విట్జర్లాండుకు పంపి, దోమలున్న పచ్చికలలో వదిలి, వేసవి తరువాత వేసవిగా వాటి జూలునూ తోకనూ పరిశీలించసాగారు.