ధ్రువుడు క్రుంకు చోట

రెండవ ప్రపంచసంగ్రామము ముగిసిన నాలుగేండ్లకు, 1949లో, నార్వే స్వీడన్ దేశముల ఉమ్మడి కృషిగా, ఓకె ఊబెర్గ్ దర్శకత్వమున వెలువడిన ‘వి ఫ్లీర్ పో రియో’ విమానసిబ్బంది జీవితమును ఇతివృత్తముగా గ్రహించిన చిత్రము. హిమభూముల వారు బ్రెజిల్ తీరమునకు ఎగిరిపోవుట నాటి ప్రేక్షకునకు కేవల కల్పన కాదు; స్కాండినేవియన్ విమానసంస్థ 1946లోనే దక్షిణ అమెరికా మార్గమును తెరచియుండెను.

ఆ సంస్థ పుట్టుకయే ఒక కథకు చాలును. 1946 ఆగస్టు 1న ఏర్పడిన ఆ కూటమిలో స్వీడనుకు మూడు పాళ్లు, నార్వే డెన్మార్కులకు చెరి రెండు పాళ్లు. కడపటి రెండు దేశములును 1940 మొదలు ఐదేండ్లు జర్మనుల పదఘట్టనమున నలిగినవి. స్వీడను తటస్థముగా నిలిచి యుద్ధమును తప్పించుకొన్నది. అట్టి ఇరుగుపొరుగువారు, పాతలెక్కలు ఇంకను తేలకమునుపే, వ్యాపారమున పొత్తు కలుపుకొనుట నాకు ఏ తుపాను దృశ్యముకన్నను నాటకీయముగా తోచును.

నాటి సుదూర ప్రయాణములకు వాడిన డీసీ-4 విమానమునకు నాలుగు పిస్టన్ ఇంజనులు గలవు గాని, లోపలి గాలి ఒత్తిడిని నిలుపు ఏర్పాటు లేదు. అందుచే మేఘములను దాటి మిక్కిలి పైకి పోజాలక, భూమధ్యరేఖ చెంత గుంపులు గట్టు ఉరుముమబ్బుల నడుమనే దారి వెదకుకొనవలసి వచ్చెడిది. ఆఫ్రికాలోని డాకర్ నుండి బ్రెజిల్‌లోని నటాల్ వరకు సుమారు 3,000 కిలోమీటర్లు నీరు తప్ప వేరొండు లేదు. అచ్చట నావిగేటరు, విమానపు నెత్తినున్న పారదర్శకపు బుడగ క్రింద నిలిచి, సెక్స్టెంటుతో నక్షత్రముల ఎత్తును కొలిచి, పట్టికలు తిరుగవేసి, పటముపై పెన్సిలుతో గీతలు గీయును; ఆ గీతలు కలిసిన చోటనే తామున్నట్లు లెక్క. స్టాక్‌హోములో దిగంతమునకు దాదాపు 59 డిగ్రీల ఎత్తున వెలుగు ధ్రువుడు డాకరు చేరునప్పటికి 15 డిగ్రీలకు దిగిపోవును; రేఖ దాటినంతనే సముద్రమున క్రుంకును. ఎన్నడును చలింపని పదమును తపస్సుచే పడసినవాడని మనము చెప్పుకొను ధ్రువుడే ఇట్లు చేయి విడువగా, ఆ ఉత్తరదేశీయులు తాము పుట్టి యెరుగని చుక్కలతో నెయ్యము చేయవలసివచ్చెడిది. కెమెరా నిలువదగిన తావు అదియే యని నా అభిప్రాయము.

ఇట్టి చిత్రములు ఏ దేశమున తీసినను ప్రణయకలహములకే మొగ్గుట పరిపాటి. దానికిని హేతువు లేకపోలేదు. చెవులు దిబ్బడలు వేసిన ప్రయాణికులను ఊరడించుచు కాఫీ అందించు పరిచారిక వివాహమాడినచో ఉద్యోగము వదలవలసినదేయని నాడు పెక్కు విమానసంస్థలు నియమము పెట్టుకొన్నవి. కథారచయితకు ఇంతకుమించిన చిక్కుముడి ఎవరు వేసి యిత్తురు?

1954 నవంబరులో ఆ స్కాండినేవియన్ సంస్థయే కోపెన్‌హేగన్ నుండి లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరపు దారి తెరచినప్పుడు నావిగేటరు పని మరింత బిగిసినది. అయస్కాంతధ్రువము దాపున దిక్సూచి నమ్మరానిదగుటచే, గైరోస్కోపును, పటముపై ప్రత్యేకముగా గీసిన గడులను ఆధారము చేసుకొనవలసి వచ్చెను. పిదప జెట్లు వచ్చి ప్రయాణకాలమును కుదించినవి. క్రమముగా యంత్రములే లెక్కలు కట్ట మొదలిడగా, ఆ బుడగ క్రింది కొలువు విమానమున లేకపోయినది.