నేరం రక్తంలో ఉంటుందా?

క్రిమినాలజీ చదువుతున్నానంటే మా ఊళ్ళో అందరూ అడిగేవి రెండే. "అయితే ఎస్సై అవుతావన్నమాట" అనేది ఒకటి. "దొంగ మొహం చూడగానే పట్టేస్తావా?" అనేది రెండోది. మొదటిదానికి జవాబు సులువు. ఎస్సై సెలక్షన్ వేరు, మా చదువు వేరు. రెండోదానికి మాత్రం కాస్త వెనక్కి వెళ్ళాలి.

మా బి.ఎస్సీ.లో ఫోరెన్సిక్ సైన్సుతో పాటు క్రిమినాలజీ కూడా ఉంది. జరిగిన నేరానికి ఆనవాళ్ళు వెతికి పరీక్షించడం ఫోరెన్సిక్ పని. మనిషి నేరం ఎందుకు చేస్తాడు, ఏది నేరమో ఎవరు నిర్ణయిస్తారు, శిక్షతో నేరం తగ్గుతుందా అని అడిగేది క్రిమినాలజీ. ఉద్యోగాల మాటెత్తితే అందరూ ఫోరెన్సిక్ వైపే చూస్తారు. నన్ను పట్టుకున్నది రెండోది.

ఇటలీ దేశపు వైద్యుడు లాంబ్రోసో 1876లో ఒక పుస్తకం రాశాడు. కొందరు పుట్టుకతోనే నేరస్థులనీ, పెద్ద దవడ, చేటంత చెవులు వంటి గుర్తులు వాళ్ళని పట్టిస్తాయనీ ఆయన వాదం. జైళ్ళలో పుర్రెలూ మొహాలూ కొలిచాడే గాని, బయటివాళ్ళతో సరైన పోలిక పెట్టలేదు. మందు కొట్టిన మడి పక్కన కొట్టని మడి లేకపోతే మందు పనిచేసిందని ఏ రైతు నమ్ముతాడు? ఆ కొట్టని మడిని ఇంగ్లండులో జైలు వైద్యుడు చార్లెస్ గోరింగ్ చూపించాడు. మూడువేలమంది ఖైదీల కొలతలు తీసి, సైనికులతోనూ, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులతోనూ పోల్చి 1913లో ప్రకటించాడు. (మన స్టూడెంట్లం ఈ పోలికకి సంతోషించాలో సిగ్గుపడాలో నాకు తెలీదు!) ఖైదీలు కాస్త పొట్టిగా, బక్కగా ఉన్నారు. అంతేగాని నేరస్థుడి మొహమంటూ వేరే ఏదీ లేదు.

ఈ లెక్కలన్నీ తేలకముందే, లాంబ్రోసో పుస్తకానికి కూడా ఐదేళ్ళ ముందే, మన దేశంలో ఆ నమ్మకం చట్టమై కూర్చుంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం అది. 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఏ నేరమూ చేయకపోయినా ఫలానా కులంలో పుట్టినందుకే పేరు రిజిస్టరుకెక్కేది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఎరుకల కుటుంబాల్ని తెచ్చిపెట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీ, హాజరు పట్టీ, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. దొరగారి పేరు ఊరికి మిగిలింది, దొంగ అన్న పేరు మనుషులకి మిగిలింది. 1952లో చట్టం దేశమంతటా రద్దయింది. దాని వాసన మాత్రం జైలు మాన్యువళ్ళలో మిగిలిపోతే, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనల్ని కొట్టేసింది.

పుస్తకంలో ఇదంతా చదువుతుంటే నాకు మా బోరు గుర్తొచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఓ రాత్రి మోటారు కేబులు పోయింది. తెల్లారేసరికి నలుగురు కలిసి ఊరి చివర బుట్టలల్లే ఎరుకలవాళ్ళ గుడిసెలకి వెళ్ళి, పదహారేళ్ళ కుర్రాణ్ణి పట్టుకొచ్చి పోలీసులకి అప్పజెప్పారు. ఆ నలుగురిలో మా నాన్నా ఉన్నాడు. మూడోరోజు కుర్రాడు కుంటుకుంటూ తిరిగొచ్చాడు. నెల తర్వాత పాత ఇనుము కొట్టువాడి నోట అసలు సంగతి బయటపడింది. కేబులు అమ్మింది మా వీధివాడే, మాకు వరసకి బాబాయి. పంచాయితీలో డబ్బు కట్టించి మాట మాపేశారు. మా రక్తంలో దొంగతనం ఉందని ఆనాడు ఒక్కరూ అనలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు గోరింగ్ సంగతి నాన్నకి చెప్పాను. మందు కొట్టని మడి అన్నచోట తలూపాడు. కాసేపాగి, "ఆ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడ్రా?" అన్నాడు.

వాళ్ళు ఆ ఏడే గుడిసె విప్పుకుని వెళ్ళిపోయారు. ఎక్కడికో నాకూ తెలీదు.