ఒంటిమిట్టలో నెలకో సాయంత్రం

ఒంటిమిట్ట కోదండరాముడి గుడికి వచ్చినవాళ్లు, మూడు విగ్రహాలూ ఒకే శిలలో ఉన్నాయని, పక్కన ఆంజనేయుడు లేడని విని బస్సెక్కేస్తారు. 1652లో ఇటుగా వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఈ గోపురాన్ని మెచ్చుకున్న సంగతి, వావిలికొలను సుబ్బారావు టెంకాయ చిప్ప పట్టి ఊరూరా అడుక్కుని గుడిని బాగుచేయించిన సంగతి ఎంతమందికి చెబుతున్నాం? ఒంటడు, మిట్టడు అనే బోయల కథ ఇంకా పెద్దల నోళ్లలో ఉంది. వాళ్లు పోతే అదీ పోతుంది.

గుడి సంగతి అలా ఉంచి అడవికి వద్దాం. ఇక్కడికి దగ్గర్లోనే సిద్ధవటం, ఆవల లంకమల. ఆ చిట్టడవి పిట్టే కలివికోడి. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక అది మళ్లీ ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వాళ్లు వదల్లేదు. ఊళ్లు తిరిగారు, పిట్టలు పట్టేవాళ్లను కదిలించారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే పిట్టలు పట్టే మనిషి రాత్రివేళ లైటు వెలుగులో దాన్ని పట్టాడు. లోకమంతా పోయిందనుకున్న పిట్ట ఆచూకీ చివరికి మన చిట్టడవి మనిషి చేతిలో దొరికింది.

తర్వాత వచ్చిన పరిశోధకుల పద్ధతి ముచ్చటగా ఉంటుంది. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టిని పట్టీలా పరిచేవాళ్లు. తెల్లారి వచ్చి జాడలు చూసేవాళ్లు. కలివికోడికి వెనక వేలు ఉండదు కాబట్టి మూడు వేళ్ల ముద్ర కోసం వెతికేవాళ్లు. ఇలాంటి రుజువులు ఊరికే పోలేదు. తెలుగుగంగ కాలువ ఆ చిట్టడవి మీదుగా రాబోతే దాని దారి మార్చారు.

ఆ బొంబాయి సంఘం 1883లో ఎనిమిది మందితో మొదలైంది. ఒకచోట కలుసుకుని, ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పుకోవడమే అప్పటి వాళ్ల పని. అలా నెలకో సాయంత్రం కూర్చుని మన ఊరి సంగతులు చెప్పుకోవడానికి ఒంటిమిట్టకు ఎనిమిది మంది దొరకరా? రిటైరైన టీచర్లున్నారు, గొర్రెల కాపరులున్నారు, చెరువు సంగతులు తెలిసిన రైతులున్నారు. నా దృష్టిలో ప్రొఫెసర్ కంటే ముందు గొర్రెల కాపరిని మైకు ముందు కూర్చోబెట్టాలి. సన్మానాలు, శాలువాలు వద్దు, వాటితోనే సగం సభ గడిచిపోతుంది.

ఒక నెల గుడి శాసనాలు, ఒక నెల పెన్న ఒడ్డున సిద్ధవటం కోట, ఇంకో నెల లంకమల పిట్టలు. చెప్పింది ఒక పిల్లాడు రాసుకోవాలి, ఒక ప్రతి కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి చేరాలి. సర్వే అధికారి మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా రాయించిన కైఫియత్తుల, అంటే ఊళ్ల చరిత్రల వల్లే ఇవాళ మనకు ఈ సీమ గతం ఆమాత్రమైనా తెలుస్తోంది. రిజిస్ట్రేషన్, బ్యానర్ తర్వాత చూసుకోవచ్చు. వచ్చే నెలలో ఒక ఆదివారం సాయంత్రం బడి వరండాలో నాలుగు చాపలు పరిచి మొదలుపెట్టండి.