ఆ గొంతు మళ్లీ వినగలమా?

మన పల్లె ఇళ్లలో అటక మీదనో, ట్రంకు పెట్టె అడుగుననో నాలుగైదు క్యాసెట్లు ఇప్పటికీ పడి ఉంటాయి. టేప్ రికార్డరు పాడైపోయి ఎన్నో ఏళ్లయినా వాటిని పారవేయడానికి చేతులు రావు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి మగవారు గల్ఫు దేశాలకు బ్రతుకుతెరువుకై వెళ్లిన ఆ రోజుల్లో, ఉత్తరం వ్రాయరాని తల్లి క్యాసెట్టులో మాట్లాడి కొడుకుకు పంపేది. ఊరివారెవరైనా దుబాయికో మస్కట్టుకో తిరిగి వెళ్తుంటే వారి సంచిలో పెట్టేది. "మంచిగున్నవా బిడ్డా" అని మొదలుపెట్టి, బర్రె ఈనిన సంగతి, అప్పు సంగతి, బావి ఎండిన సంగతి చెప్పుకుంటూ పోయి, నడుమ గొంతు పూడుకొని ఆగిపోయేది. ఆ ఆగిపోవడం కూడా క్యాసెట్టులో సముద్రం దాటేది. ఉత్తరంలో అది పోదు గదా!

ప్రియ పాఠకులారా, ఆరాధనలో లూకా 15వ అధ్యాయం చదివి, చిన్న కొడుకు దూరదేశం పోయిన మాట దగ్గరకు వచ్చినప్పుడల్లా మా సంఘంలో ఒకరిద్దరు తల్లులు కొంగుతో కళ్లు ఒత్తుకోవడం మేము చూస్తూ ఉంటాము. ఆ తప్పిపోయిన కుమారుని ఉపమానానికీ, మనిషి గొంతును పట్టి దాచే విద్యకూ మన దేశంలో ఒక పాత సంబంధం ఉన్నది. ఈ సంగతి తెలిసిన విశ్వాసులు తక్కువ.

1877లో అమెరికాలో థామస్ ఎడిసన్, తగరపు రేకు చుట్టిన గొట్టం మీద తన గొంతును ముద్రించి తిరిగి వినిపించాడు. పదేళ్లకు ఎమిల్ బెర్లినర్ పళ్లెం వంటి రికార్డు తెచ్చాడు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డుకెక్కింది. ఆ నల్ల రికార్డులకు వాడిన లక్క మన అడవుల్లో చెట్ల కొమ్మలపై పురుగులు పెట్టే లక్కే. ఒక వైపున మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టేది కాదు.

ఐర్లండు దేశస్థుడైన జార్జి గ్రియర్సన్ అనే సివిల్ సర్వీసు అధికారి 1894లో మన దేశ భాషల సర్వేకు పూనుకున్నాడు. 1928లో పని ముగిసేసరికి 179 భాషలు, 544 మాండలికాలు లెక్కకు వచ్చాయి. ఇన్నింటిని పోల్చి చూడాలంటే అందరి చేత ఒకే కథ చెప్పించాలి. ఆయన ఎంచుకున్నది తప్పిపోయిన కుమారుని కథ! అందులో నేను, నీవు, అతడు అనే మాటలున్నాయి. జరిగినది, జరుగుతున్నది, జరగబోయేది మూడు కాలాలూ ఉన్నాయి. విభక్తులు చాలామట్టుకు వస్తాయి. ఇక్కడివారి మనసు నొవ్వకుండా ఒకటి రెండు మాటలు మాత్రం మార్చాడు. ఆయనకు కావలసినది వ్యాకరణం. అయితేనేమి, తండ్రి కొడుకుకు ఎదురేగిన కథ వందల మాండలికాలలో కాగితానికెక్కింది.

అంతటితో ఆగక 1913 నుండి 1929 వరకు గ్రామఫోను రికార్డులు కూడా తీయించారు. 97 భాషలు, మాండలికాల గొంతులు వాటిలో ఉన్నాయి. అక్కడ కూడా ఎక్కువగా ఇదే కథ. షికాగో విశ్వవిద్యాలయం వారు వాటిని ఇంటర్నెట్టులో ఉంచారు. సూది గీసుకునే చప్పుడు వెనుక నుండి, ఎప్పుడో కన్నుమూసిన మనిషి మాట్లాడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మనకు మాత్రం ఒక కొరత మిగిలిపోయింది. ఆ సర్వే నైజాం రాజ్యంలోనికి రాలేదు. 1906లో వచ్చిన నాలుగవ సంపుటంలో తెలుగు గురించి వ్రాశారు. చాందా జిల్లాలోని సాలెవారి మాట కూడా అందులో ఉన్నది. చాందా అంటే ఎంత దూరం? గోదావరి దాటి, ప్రాణహిత దాటితే చాందా సీమే. ఏటికి ఆ దరినున్న నేతవారి మాట పుస్తకానికెక్కింది, ఈ దరినున్న సిరిసిల్ల నేతవారి మాట ఎక్కలేదు.

2017లో లండనులోని బ్రిటిష్ లైబ్రరీ, ధ్వని ముద్రణ మొదలై 140 ఏళ్లయిన సందర్భంగా ఒక ప్రదర్శన పెట్టింది. లక్షలాది రికార్డులు దాచిన సంస్థ అది. పాత టేపులను కాపాడుకోవడానికి మహా అయితే 15 ఏళ్లే గడువున్నదని 2015లోనే అక్కడివారు హెచ్చరించారు. టేపు చెడిపోవడం ఒక కారణం, దానిని ఆడించే యంత్రం దొరకకపోవడం మరొక కారణం. కంటికి రెప్పలా చూసుకునేవారే అలా అంటే, రేకుల ఇంటి అటక మీద ఎండకు ఉడికి, వానకు చెమ్మగిల్లే మన క్యాసెట్ల మాట ఏమిటి?

ఇది చెప్పే అర్హత మాకు ఉన్నదో లేదో. మా బాపమ్మకు చదువు రాదు. బైబిలు కథలన్నీ నోటికే చెప్పేది. 1993లో మా బాపు ఆమె చెప్పిన కథలను ఒక క్యాసెట్టు నిండా పట్టాడు. మరుసటి క్రిస్మస్‌కు పాటల ప్రాక్టీసు రికార్డు చేయాలని, ఏ క్యాసెట్టో చూసుకోకుండా బటన్ నొక్కినది మేమే. బాపమ్మ అప్పటికి మట్టిలో కలిసింది. బాపు కోప్పడలేదు. టేప్ రికార్డరు ముందు కూర్చొని మా పాటలన్నీ చివరిదాకా ఓపికగా విన్నాడు. ఆఖరున అరనిమిషం మిగిలి ఉన్నది. "ఇగ చాలు, బంద్ చెయ్యి కొడుకా." అంతే!

క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. వాటిని విరిచేస్తే దానిపై మళ్లీ రికార్డు కాదు. మా ఇంట్లో అప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు. మీ క్యాసెట్లకు ముందు ఆ పని చేయండి. బూజు పట్టినదానిని ఆత్రపడి ఆడించకండి, టేపు తెగుతుంది. ఆడే యంత్రం ఉన్న దుకాణానికి తీసుకుపోయి ఫోనులోనికో కంప్యూటరులోనికో ఎక్కించుకోండి. ఒక్క ఫోనులోనే ఉంచితే ఆ ఫోను పోయిననాడు గొంతూ పోతుంది. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ తలా ఒకటి పంపండి. బ్రతికి ఉన్న పెద్దలను మాత్రం అడిగి రికార్డు చేయండి, చాటుగా వద్దు.

ఈ మధ్య సిరిసిల్లలో బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ దగ్గర కూర్చొని, తప్పిపోయిన కుమారుని కథ నీ మాటల్లో చెప్పుమని అడిగాము. చుట్టూ సాంచాల మోత, ఏమీ వినబడదు. ఇంతలో కరెంటు పోయింది. వాడ అంతా నిశ్శబ్దం. ఆమె చేతిలోని తునికాకు పక్కన పెట్టి మొదలుపెట్టింది. తండ్రి ఉరికిన దగ్గరికి వచ్చేసరికి కరెంటు వచ్చి సాంచాలు మళ్లీ మొదలైనాయి. అయినా ఆమె ఆగలేదు, మేమూ ఆపలేదు.

తరువాత ఫోను ఆమె చెవి దగ్గర పెట్టి వినిపించాము. కొంతసేపు విన్నది. "ఇది నా గొంతా? మా అవ్వ మాట్లాడినట్టే ఉన్నది గద సారూ," అన్నది.